రెండో శనివారం

నెలనెలా రెండో శనివారం, మంచు కురిసినా సరే, మాలో ఏడెనిమిదిమంది ఎవరో ఒకరింట చేరి చరిత్ర చదువుకుంటున్నాం. చరిత్ర ఆచార్యులెవరూ లేరు. ఇంజనీర్లు, డాక్టర్లు, ఒక బ్యాంకి ఉద్యోగి. అధ్యక్షుడు లేడు, తీర్మానాలు లేవు. పకోడీలు మాత్రం తప్పవు. "మా తాతగారు చెప్పేవారు" అన్నది సాక్ష్యం కాదు, అదొక్కటే నియమం.

ఈ ఏడు విజయనగరం పట్టుకున్నాం. పేస్, నూనిజ్ అనే పోర్చుగీసువారి రాతలు స్యూయెల్ 1900లో వేసిన పుస్తకంలో ఇంగ్లీషులో ఉన్నాయి. వీధిలో కెంపులు, ముత్యాలు అమ్మిన సంగతి చదువుతుంటే వంటింట్లోవారు కూడా వచ్చి కూర్చున్నారు.

చిక్కు 1565 దగ్గర వచ్చింది. ఒక మిత్రుడు తళ్ళికోటను మతయుద్ధమని ఒక్క ముక్కలో తేల్చేశాడు. హైదరాబాదు నుంచి వచ్చిన మా ముస్లిం మిత్రుడు (మాలో అందరికంటే చక్కని తెలుగు అతనిది) ఆ సాయంత్రం మరి నోరు విప్పలేదు. ఇక రాడేమోనని నాకు బెంగ పట్టుకుంది.

మరుసటి నెల కాగితాలతో వచ్చాడు. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా 1550లో గద్దెనెక్కకముందు ఏళ్ళ తరబడి రామరాయల ఆశ్రయంలో విజయనగరంలోనే ఉన్నాడు. అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకే అంకితం. పొన్నికంటి తెలగన అచ్చతెలుగు యయాతి చరిత్ర ఆయన ఉద్యోగి అమీన్‌ఖానుకు. ఆ ఇబ్రహీమే రామరాయల మీదికి దండెత్తాడు.

"ఉప్పు తిన్న ఇంటిమీదికి ఎలా వెళ్ళాడంకుల్?" అంది మా పన్నెండేళ్ళ అమ్మాయి.

"సుల్తానులకు ఒకరిమీద ఒకరిని ఎగదోసి రామరాయలు అందరినీ విరోధులను చేసుకున్నాడమ్మా. అయినా నగరాన్ని పాడుచేసిన సంగతి దాచమని నేననను" అన్నాడు.

వాదం అర్ధరాత్రి దాటింది. వచ్చే నెల అతనింట్లోనే. రామరాయల రాయబారాల మీద చదివేది ఆ మొదటి మిత్రుడే.