మూడు మూలల బలం

పిల్లలూ! మీలో ఎవరైనా మరమనిషిని చెయ్యాలని మోటారు తెచ్చి, అట్టపెట్టెకు బిగించి, తీరా అది నాలుగడుగులు వెయ్యకముందే చతికిలబడితే బిక్కమొహం వేశారా? అయితే నాతో పోలవరం రండి.

రాజమండ్రిలో బయలుదేరి, 1974లో పూర్తయిన రోడ్డు-రైలు వంతెన మీదుగా కొవ్వూరు చేరదాం. కింద రైళ్ళూ, పైన బస్సులూ పోయే ఈ వంతెన పక్కలు చూశారా? ఇనుప దూలాలన్నీ మూడు మూలలుగా కూర్చి ఉన్నాయి. ఇది జ్ఞాపకం పెట్టుకోండి.

కొవ్వూరు నుంచి గోదావరి కుడి గట్టున తాళ్ళపూడి, పట్టిసం దాటితే పోలవరం వస్తుంది. అక్కడ కడుతున్న ప్రాజెక్టుకు 48 గేట్లున్నాయి. ఒక్కొక్కటి 20 మీటర్ల ఎత్తు, 16 మీటర్ల వెడల్పు. అంటే ఆరంతస్తుల మేడంత! 2021 జూన్‌లో గోదావరిని ఈ గేట్ల దారికి మళ్ళించారు.

ఈ ప్రాజెక్టు కోసం రామయ్యపేట, పైడిపాక మొదలైన ఊళ్ళవాళ్ళు పుట్టిన ఇళ్ళు వదిలి వెళ్ళారు. దిగువన రాజమండ్రీ, లంక గ్రామాలూ ఉన్నాయి. కనక వరద ఎంత వచ్చినా గేటు వంగకూడదు. మరి అంత బరువును ఏది ఆపుతున్నది?

గేటు ముందు భాగం విల్లులాగా వంగిన రేకు. దాని వెనక నుంచి ఇనుప చేతులు బయలుదేరి ఇరుసు దగ్గర కలుసుకుంటాయి. నీటి తోపుడంతా ఆ చేతుల వెంట ఇరుసుకూ, అక్కణ్ణుంచి కాంక్రీటు స్తంభానికీ చేరుతుంది. ఇక్కడా మూడు మూలలే!

ఇంటికి వచ్చాక మీరే పరీక్షించండి. నాలుగు వెదురు బద్దలను చదరంగా కట్టి ఒక మూల నొక్కండి. వాలిపోతుంది. బద్దల పొడవు మారకుండానే మూలలు మారగలవు మరి. ఇప్పుడు మూల నుంచి మూలకు ఇంకొక బద్ద కట్టండి. ఇక ఎంత నొక్కినా వాలదు. మూడు బద్దల పొడవు మారనంతకాలం వాటి మూలలూ మారవు.

మరమనిషి మొండేనికి 5 అంగుళాల బద్దలు 12 తీసుకుని పెట్టెలాగా కట్టండి. ఆరు పక్కలకూ ఒక్కొక్క ఏటవాలు బద్ద కావాలి. అవి 7 అంగుళాల కన్న కాస్త పొడవుండాలి. వెదురు చీల్చటం మాత్రం నాన్నగారికో, తాతగారికో వదలండి, పెచ్చు గుచ్చుకుంటుంది. బరువైన బ్యాటరీని అడుగునే కట్టండి. పైన కడితే బొమ్మ తలకిందులవుతుంది.

మోటారు చివరనే బిగించండి. ముందు చట్రాన్ని అరచేతితో నొక్కి చూడండి. అది కిర్రుమనకుండా నిలబడితే, మీ మరమనిషి నడవటానికి సిద్ధమైనట్టే!