వశీకరణమా, స్వవశమా?

పరులొకరు మన మనస్సును పట్టి యాడింతురను భయమును, పరులొకరు మన దురభ్యాసమును పెరికివైతురను ఆశయు ఒక్క యజ్ఞానమునుండియే పుట్టుచున్నవి. హిప్నాటిజముచేత పొగత్రాగుట మాన్పవచ్చునని విన్నపుడు మన జనులకు కలుగునవి యీ రెండే.

మా దొనకొండ గుంటూరు గుంతకల్లుల నడుమ రైలుదారిమీది యూరు. సమీపమున పొదిలి, కనిగిరులలో పొగాకు వేలము కేంద్రములు కలవు. పొగాకు సొమ్ముతో బిడ్డలను చదివించుకొను సంసారము లీ ప్రాంతమున ననేకములు. ఇట్టిచోట పొగను నిందించుట సులభము గాదు.

మాయొద్ద చదువు నొక బాలుని తల్లి యొకనాడు వచ్చి, “అయ్యవారూ, మా ఇంటాయన రోజుకు రెండు కట్టల బీడీలు తాగుతాడు. రాత్రంతా దగ్గే. పట్నంలో హిప్నాటిజం చేసి మాన్పిస్తారంట గదా. ఆయనకు తెలీకుండా చేయించొచ్చా?” అని యడిగెను. ఆమె దుఃఖము మాకు తెలిసినదే. కాని “తెలీకుండా” అన్న మాట మమ్ము చాల సేపు ఆలోచింపజేసినది.

ఈ భ్రమకు పేరే కొంత కారణము. ఇంగ్లండునందలి మాంచెస్టరులో వైద్యుడైన జేమ్సు బ్రెయిడు 1843 లో ప్రకటించిన గ్రంథమున, గ్రీకు భాషలో నిద్రకు పేరగు శబ్దమునుండి యీ విద్యకు నామకరణము చేసెను. పిమ్మట నది నిద్ర కాదని గ్రహించి, మనస్సు ఒక్క భావమునందే నిలుచుట యను నర్థము గల వేరొక పేరు పెట్టజూచెను. మన భాషలో దానిని ఏకాగ్రత యనవచ్చును. మనవారు దానిని వశీకరణమనుట మరింత పెద్ద పొరపాటు.

చికిత్సకుడు చేయున దేమి? చూపు నొకచోట నిలిపించి, ఊపిరిని నెమ్మదిపరచి, దేహమును సడలింపజేసి, హితవు చెప్పును. అమెరికా వైద్యుడు హెర్బర్టు స్పీగెలు 1970 లో ప్రకటించిన పద్ధతిలో భావములు మూడే: పొగ దేహమునకు విషము, బ్రతుకుటకు దేహము వలయును, కావున దేహమును గౌరవించి కాపాడుకొనవలయును. వీనిని రోగియే యింటివద్ద దినమునకు పలుమారులు మననము చేయవలయును. ఇందు పరుల పెత్తన మెక్కడ?

మన దేశమున బి. వి. పట్టాభిరాముగారు 2025 లో దివంగతులగువరకును హిప్నాటిజమును తెలుగువారికి పరిచితము గావించిరి. అయినను వేదికపై వినోదము వేరు, చికిత్స వేరు. 2019 నాటి కాక్రేన్ సమీక్ష 1,926 మంది పాల్గొన్న 14 పరిశోధనలను పరిశీలించి, పొగ మాన్పుటలో హిప్నాటిజము ఇతర సాధనములకంటె మేలని చెప్పుటకు తగిన నిదర్శనము లేదని తేల్చెను. కావున ఒక్క పూటలో మాన్పింతుమని సొమ్ము గుంజువారిని నమ్మరాదు. నికోటిను దేహమునుగూడ పట్టునది గనుక వైద్యుని సలహాయు వలయును.

“తెలియకుండ కాదమ్మా, ఆయన తానై కోరి రావలెను. అప్పుడే యే సాధనమైనను తోడ్పడును,” అని యామెతో చెప్పితిమి. పొగ మానగోరువారికై ప్రభుత్వము 2016 లో నెలకొల్పిన 1800-112-356 అను ఉచిత టెలిఫోను సంఖ్యను వ్రాసి యిచ్చితిమి.

కన్యాశుల్కమునందు వేంకటేశమునకు చుట్ట యబ్బినది గిరీశము సహవాసముననే గదా! అలవాటు సాంగత్యమున వచ్చును. పోవుటకును సాంగత్యమే కావలెను. చదువరులారా, బీడీకట్టకై పసివానిని అంగడికి పంపకుడు. పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు అమ్ముట 2003 నాటి చట్టముచే నిషిద్ధము. మానజూచి తప్పిపోయినవానిని ఎగతాళి చేయకుడు. మరల పూనుకొమ్మని చెప్పుడు. ఇంటివారి మంచిమాటయు మనస్సున నాటుకొనునదే.