తాడు లాగినవాడు

మా టీమ్‌లో చేరి ఏడాదైనా కాని కుర్రాడు ఒక శుక్రవారం రాత్రి రిలీజ్ ఆపేశాడు. పేమెంట్ల లెక్కలో ఏదో తేడా కనిపించిందట. ఆపే అధికారం అతనికుంది. ఇచ్చింది నేనే. “ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, మీకు తప్పనిపిస్తే ఆపేయండి” అని టీమ్ మొత్తానికి గొప్పగా చెప్పాను. కానీ ఆ రాత్రి ఫోన్ చేసి నేనడిగిన మొదటి మాట: “ఎవర్నడిగి ఆపావ్?”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “సారీ అన్నా” అన్నాడు.

టొయోటా వాళ్ల ఆండాన్ తాడు గురించి అంతకు కొన్ని నెలల ముందే చదివి మురిసిపోయాను. అసెంబ్లీ లైన్ పక్కనే తాడు ఉంటుంది. లోపం కనిపిస్తే ఏ కార్మికుడైనా లాగొచ్చు. 1984లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, రెండేళ్ల కిందట మూతపడిన జనరల్ మోటర్స్ ఫ్యాక్టరీలోనే, ఆ కంపెనీతో కలిసి టొయోటా ‘నుమ్మి’ని మొదలుపెట్టింది. గైర్హాజరుకీ గొడవలకీ పేరుమోసిన పాత కార్మికుల్లో చాలామందినే మళ్లీ తీసుకుంది. వాళ్లే మంచి కార్లు తయారుచేశారు. పని చేసేవాడికే తప్పు ముందు కనిపిస్తుంది, వాడి మాటకి విలువుండాలి. నాకు అర్థమైంది అంతే.

అర్థం కానిది ఇంకొకటుంది. తాడు లాగగానే లైన్ ఆగిపోదు. ముందు దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ వస్తాడు, ఇద్దరూ కలిసి చూస్తారు. అప్పటికీ తేలకపోతేనే లైన్ ఆగుతుంది. అంటే తాడుకి రెండో కొసలో ఒక మనిషి ఉండాలి. నేను తాడైతే కట్టాను గానీ ఆ కొసలో నిలబడలేదు. నిజానికి నాకదే సుఖంగా ఉండేది. అధికారం పంచితే బాధ్యత కూడా చేతులు మారుతుంది కదా. ఏదైనా పోతే “నిర్ణయం మీదే” అనొచ్చు. ఇదే మాట పాత కంపెనీలో మా మేనేజర్ నాతో అన్నప్పుడు ఎంత తిట్టుకున్నానో!

ఆ రాత్రి తేడా నిజం కాదని తేలింది. టెస్ట్ డేటాలో పొరపాటు. అందుకే నాదే తప్పని ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. కానీ కరెక్టయినప్పుడే చెల్లే అధికారం అధికారమేంటి? అది పరీక్ష.

సోమవారం సారీ చెప్పాను. “అయ్యో, పర్లేదన్నా” అని నవ్వాడు.

నిన్న మెసేజ్ పెట్టాడు: “అన్నా, లాగిన్ పేజీలో ఒక స్పెల్లింగ్ తప్పుంది. మార్చొచ్చా?”