శశిరేఖ చీర ఏ రంగు?

పాత సినిమాకి రంగులద్దితే మీకు సంతోషమా, కోపమా? నాకు రెండూ వచ్చాయి.

1957 నాటి ‘మాయాబజార్’ని మా సీతాఫల్‌మండి ఇంట్లో, దూరదర్శన్‌లో, వాడకట్టు వాళ్లంతా చాపలమీద కూర్చుని చూసేవాళ్లం. పడవ పాట రాగానే అమ్మ, “శశిరేఖ కట్టింది నెమలికంఠం రంగే” అనేది. ఆవిడ పెళ్లిచీరది అదే రంగు లెండి! నేనూ అదే నమ్మాను.

2010 జనవరి 30న ఆ సినిమా రంగుల్లో విడుదలైంది. అప్పటికి అమ్మ లేదు. అమ్మాయి పోరితే వెళ్లాను. పడవ పాట వచ్చింది. అమ్మ చెప్పిన రంగు కాదు! గుండె కలుక్కుమంది. నలుపు తెలుపుల్లోనే మార్కస్ బార్‌ట్లే కురిపించిన ఆ వెన్నెల కూడా నాకు కాస్త పలచబడినట్టే అనిపించింది. పైగా సినిమా నిడివి తగ్గించారు.

కానీ పక్కకి చూద్దును కదా, నలుపు తెలుపు బొమ్మ కనిపిస్తే చాలు ఛానల్ మార్చే పిల్ల, మాయా శశిరేఖగా సావిత్రి మగరాయుడి నడక చూసి కళ్లనీళ్లొచ్చేలా నవ్వుతోంది. ఎస్వీ రంగారావు విందు ఆరగిస్తుంటే రెప్ప వేయలేదు. ఇక నా కోపం ఎవరిమీద?

ఇంటికొచ్చాక, “అమ్మమ్మ చూసిన పాతది కూడా చూద్దామమ్మా” అంది. ఆ ఆదివారమే చూశాం. పడవ పాట దగ్గర బీరువాలోంచి అమ్మ పెళ్లిచీర తీసి దాని ఒళ్లో పెట్టాను.

“ఈ రంగే బాగుందమ్మా” అంది.

మరి మీ శశిరేఖ చీర ఏ రంగండీ?