తాతయ్య తెచ్చిన ముక్క

మామ్మ గదిలో దేవుడి పటాల కింద అరచెయ్యంత అల్యూమినియం ముక్క ఒకటుంటుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద బాంబులేసిన జపాన్ విమానానిదట. తాతయ్య పదేళ్లప్పుడు ఏరుకొచ్చాడట. వచ్చిన ప్రతి చుట్టానికీ మామ్మ ఈ కథ చెప్తుంది.

నాకేమో పాత యుద్ధ విమానాల పిచ్చి. విడిభాగం ఎవరిదో పట్టించేది ఆకారం కాదు, దాని మీది ముద్రలు. మొన్న సంక్రాంతికి ఆ ముక్కని కిరోసిన్‌తో తుడిచి, ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేశా. సగం చెరిగిన నంబరు, పక్కన చిన్న కిరీటం, ఏ.ఎం. అనే అక్షరాలు. ఎయిర్ మినిస్ట్రీ! అంటే బ్రిటిష్ వాళ్ల సరుకు. అప్పట్లో వాళ్ల విమానాలూ వైజాగ్‌లో దిగేవి మరి.

చెప్పాలా వద్దా అని గంట తన్నుకున్నా. చివరికి చెప్పేశా.

మామ్మ ముక్కని కొంగుతో తుడిచి మళ్లీ అక్కడే పెట్టింది. "అయితే ఏటిరా? బాంబులు పడ్డ రోజు ఊరంతా ఖాళీ అయిపోతే మీ తాత వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని సింహాచలం దాకా నడిచాడు. అదీ అబద్ధమేనా?"

కాదన్నాను.

"రేపు మీ అత్త వస్తాది. ఆ కిరీటం సంగతి నువ్వే చెప్పు."