బేసి వాద్యం

మా వింజమూరులో నన్ను తెలుగు అయ్యవారుగా ఎరిగినవాళ్లు కొందరున్నారు. ఊరు దాటి ఉదయగిరి, దుత్తలూరు, కలిగిరి వైపు వెళితే మాత్రం "బేసాయన" అంటేగాని ఎవరూ పోల్చుకోరు. మా ఊరి పాటకచేరీ బృందంలో నేను బేస్ గిటార్ వాయిస్తాను. ఆ మాట మావాళ్ల నోట పడి "బేసి గిటార్" అయింది. మామూలు గిటారుకు ఆరు తీగెలు, దీనికి నాలుగే గనక, ఏదో లోటున్న వాద్యమని వాళ్ల భావన కాబోలు. నాలుగు సరిసంఖ్యే గదా అని నేను వాదానికి దిగాను గాని ఎవరూ ఖాతరు చెయ్యలేదు. ఆలోచిస్తే వాళ్లన్నదే సబబుగా ఉంది. మా బృందంలో పాడేవాళ్లు ఇద్దరు, తబలా డ్రమ్ములు ఒక జంట, కీబోర్డూ గిటారూ ఇంకొక జంట. ఏ జంటకూ చెందక మిగిలినవాణ్ణి నేను.

పశ్చిమ దేశాల్లో పబ్బు అని ఒకటుంటుంది. సాయంకాలం నలుగురూ చేరి బీరు తాగుతూ లోకాభిరామాయణం చెప్పుకునే చోటు. అక్కడ ఒక మూల చిన్న బృందం నిలబడి, పేరుపడ్డవాళ్ల పాటలనే మళ్లీ వాయిస్తుంది. దాన్ని వాళ్లు "కవర్" అంటారు. తర్వాత జగద్విఖ్యాతులైన బీటిల్సు కూడా 1960 నుంచి 1962 దాకా జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రుళ్లు ఇలా పరుల పాటలు వాయించి పొట్టపోసుకున్నవాళ్లే. వాళ్లలో బేస్ వాయించే స్టువర్ట్ సట్‌క్లిఫ్ 1961లో చిత్రలేఖనం చదువుకోవడానికి వెళ్లిపోతే, ఆ వాద్యం పాల్ మెకార్ట్నీ మెడలో పడింది.

వింజమూరులో పబ్బు లేదు. ఉన్నా నేను వెళ్లను, ఆ సంగతి వేరు. మాకు శ్రీరామనవమి పందిరి ఉంది, వినాయకుణ్ణి సాగనంపే రాత్రి ఉంది, తిరునాళ్లున్నాయి, పెళ్లి రిసెప్షన్లున్నాయి. పరుల పాట పాడటం చిన్నతనమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా నెల్లూరి తిక్కనగారు భారతంలో పదిహేను పర్వాలు రచించారు, కథ వ్యాసులవారిది. కవిత్రయంలో ముగ్గురూ ఆయన పాటను తమ గొంతుతో పాడినవాళ్లే గదా! ఈ మాట క్లాసులో అంటే ముందు బెంచీ పిల్లలు నవ్వారు, వెనక బెంచీ పిల్లలు రాసుకున్నారు. పరీక్షలో ఇది రాయవద్దర్రా అని ప్రత్యేకం చెప్పవలసి వచ్చింది.

నేను దీన్ని నేర్చింది తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఎమ్మే చదివే రోజుల్లో. గురువు మా గదికి రెండు గదుల అవతల ఉండే రసాయనశాస్త్రం విద్యార్థి. ఆదివారాలు చర్చిలో బేస్ వాయించేవాడు. మన జిల్లాల్లో గిటారు, డ్రమ్ములు, కీబోర్డు నేర్చినవాళ్లలో చాలామందికి చర్చే బడి. మా బృందంలోనే డ్రమ్ములాయన, గిటారు కుర్రవాడు పొద్దున ఆరాధనలో వాయించి, రాత్రి రామమందిరం పందిట్లో వాయిస్తారు. తబలా మాస్టారు సాయిబుగారు. నవమి నాటి పానకం మొదటి గ్లాసు ఆయనకే ఇవ్వాలని కమిటీవారి పట్టుదల.

ఈ వాద్యాన్ని జనంలోకి తెచ్చినవాడు అమెరికాలో లియో ఫెండర్ అనే ఆయన. రేడియోలు బాగుచేసే దుకాణంతో జీవితం మొదలుపెట్టిన మనిషి. గిటారు తయారుచేయడమేగాని వాయించడం ఆయనకు రాదు. అంతకుముందు మంద్రస్వరాలకు నిలువెత్తు డబుల్ బాస్ ఉండేది. దాన్ని మోయడం ఒక యాతన, మోసి తెచ్చాక నలుగురి మధ్య వినపడకపోవడం ఇంకొక యాతన. ఫెండర్ 1951లో దాన్ని మెడకు తగిలించుకునేలా చేసి, విద్యుత్తు కలిపి, స్వరస్థానం చెదరకుండా మెట్లు బిగించాడు. దీని అడుగు తీగె సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. ఆ మోత సెల్‌ఫోనులో పట్టదు. అందుచేత ఫోనులోనే పాటలు వినే మా విద్యార్థులకు, వాళ్లకు కంఠతా వచ్చిన పాటలోనే ఇలాంటిది ఒకటుందని తెలియదు.

తెలియకపోవడం పిల్లలకే పరిమితం కాదు. ఒకసారి కచేరీ అయ్యాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "ఏంది అయ్యోరా, నీ పెట్టె పాడయిందా? అసలు శబ్దమే రాలా!" అని పరామర్శించాడు. మూడు గంటలు వాయించాను సుమండీ. యతి ఎక్కడ పడిందో పద్యం వినేవాడు పట్టించుకోడు. తప్పితే మాత్రం చెవిలో ముల్లు గుచ్చుకుంటుంది. నా ఉద్యోగమూ అంతే.

అయితే అడుగున ఉన్నవాడికి ఒక అధికారం ఉంది. కీబోర్డు మీద స, గ, ప అనే మూడు స్వరాలు కలిసి మోగుతున్నాయనుకోండి. కింద నేను స పలికితే, పొలం నుంచి ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నట్టుంటుంది. అదే చోట ద పలికితే, పై మూడూ కదలకపోయినా పాట దిగులుపడుతుంది. నామవాచకం అదే, విభక్తి మారిందన్నమాట! 1980లలో ఇళయరాజాగారి పాటలు వింటే ఈ రహస్యం బోధపడుతుంది. పైన గాయకుడు ఒక పాట పాడుతుంటే అడుగున బేస్ ఇంకొక పాట పాడుతుంది, రెండూ పోట్లాడుకోవు. ఆయన దగ్గర ఆ వాద్యం వాయించిన శశిధరన్ గారి పేరు మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆ ఇళయరాజాగారు కూడా, ఇంకా సంగీత దర్శకుడు కాకమునుపు, మా నెల్లూరి బాలసుబ్రహ్మణ్యంగారి పాటకచేరీ బృందంలో వాయించినవారే. తమ్ముడు గంగై అమరన్‌తో సహా ఊరూరా తిరిగారు. మా బృందంలో ఎవరికైనా నీరసం వస్తే ఈ కథ చెప్పి లేపుతాం. 2020 సెప్టెంబరు 25న బాలుగారు పోయారు. కరోనా రోజులు, కచేరీలు లేవు. మా గాయకుడు నాకు ఫోను చేశాడు. ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి ఆయనే పెట్టేశాడు.

ఈ గాయకుడి సంగతి చెప్పాలనే ఇదంతా మొదలుపెట్టాను. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఘంటసాలవారి పాటలు ఆయన సొత్తు. రెండేళ్ల క్రితం జబ్బుచేసి కోలుకున్నాడు గాని ఊపిరి మునుపటిలా లేదు. శ్రుతిలో లోపం లేదు, భావంలో లోపం లేదు. ఒక్కొక్క చోట మాత్రం ఆగాలి. ఎక్కడ ఆగుతాడో ఆయనకే ముందుగా తెలియదు.

మేము ఆయన భుజాలు చూస్తూ వాయిస్తాం. భుజం పైకి లేచిందంటే చరణం ఎత్తుకుంటాడు. లేవకపోతే నేనూ తబలా మాస్టారూ ఉన్న చోటే ఇంకొక చుట్టు తిరుగుతాం. డగ్గా మీద ఆయన ఎడమచెయ్యి, నా అడుగు తీగె ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పైన కీబోర్డు మాస్టారు ఒక చిన్న సంగతి అల్లుతాడు. వినేవాళ్లు అదేదో కొత్త సొగసనుకుని చప్పట్లు కొడతారు.

ఇలా ఉండగా పోయిన సంవత్సరం మా కీబోర్డు మాస్టారు ఒక ప్రతిపాదన తెచ్చాడు. ఇప్పుడు ఏ పాటకైనా గొంతు లేకుండా వాద్యాలు మాత్రమే ఉన్న ట్రాక్ దొరుకుతుంది. లాప్‌టాప్‌లో పెట్టుకుని మీట నొక్కితే వయొలిన్లు, వేణువులు, డ్రమ్ములు, బేస్ అన్నీ అందులోనే. పాడేవాళ్లు ఇద్దరు, మీట నొక్కేవాడు ఒకడు చాలు. ఏడుగురు పంచుకునేది ముగ్గురు పంచుకుంటారు. కచేరీ రేటూ తగ్గించి చెప్పవచ్చు. డీజే పెట్టెల పోటీకి తట్టుకోవాలంటే ఇదొక్కటే దారి అన్నాడు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. నాకు నెల జీతముంది; ఆయన సంసారం కచేరీల మీదే నడుస్తుంది. అందుకని నేను మారుమాటాడలేదు. తబలా మాస్టారు ఒక్కరే, "మరి కండక్టరు గారో?" అన్నారు. "దాందేముంది, శ్రుతి దించుకోవచ్చు, వేగం తగ్గించుకోవచ్చు, అన్నీ అందులో ఉండాయి" అని జవాబు వచ్చింది.

ఉదయగిరి దగ్గర ఒక పెళ్లిలో దాన్ని పరీక్షించారు. నేను శ్రోతగా వెళ్లాను. కొత్త పాటలు దివ్యంగా సాగాయి. నిజం చెప్పాలంటే మేము ఏడుగురం కలిసినా అంత నిండుగా రాదు. తర్వాత కండక్టరుగారు మైకు అందుకున్నాడు. శ్రుతి దించారు, వేగం తగ్గించారు. పల్లవి బాగానే అయింది. రెండో చరణం ముందు ఆయన భుజం లేవలేదు. ట్రాక్ లేచింది. ఆయన ఊపిరి కూడదీసుకుని అందుకునేసరికి అది ఒక పాదం ముందున్నది. పరుగెత్తి పట్టుకున్నాడు, మళ్లీ జారింది. బస్సు ఆపమని చెయ్యెత్తిన ప్రయాణికుణ్ణి వదిలేసి పోయినట్టు అది పోయింది. ముప్ఫయ్యేళ్లు ఈల వేసి బస్సు ఆపినవాడికి ఆ గతి పట్టింది! పెళ్లివారెవరూ ఏమీ అనలేదు, భోజనాల మీద ఉన్నారు. ఆయన మైకు పక్కన పెట్టి, చెప్పులు వెతుక్కుని, వచ్చే ఆటోలో కూచున్నాడు.

ఇంటికొచ్చాక మూడు వారాలు పాడనన్నాడు. కీబోర్డు మాస్టారు స్వయంగా వెళ్లి బతిమాలాడు. ఆయన చెడ్డవాడు కాడు. నేను, తబలా మాస్టారు కలిసి మా మాట చెప్పాం: పాత పాటలకు మేము వాయిస్తాం, పంపకంలో మాకు ఆటో ఛార్జీలు ఇస్తే చాలు, మిగతావాటికి మీ మీట మీరు నొక్కుకోండి. మొన్న శ్రీరామనవమికి అలాగే జరిగింది. చరణం ముందు కండక్టరుగారు ఆగాడు. మేము తిరిగాం. ఒక చుట్టు, రెండు చుట్లు. మూడో చుట్టులో నేను ద వైపు దిగాను, ఊరికే ఉండలేక. ఆయన తల తిప్పి నా వంక చూసి నవ్వాడు. తర్వాత భుజం లేచింది.

ఈ ఏర్పాటు ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేను. డ్రమ్ములాయనకు నెల్లూరులో ఒక దుకాణంలో పని కుదిరింది. గిటారు కుర్రవాడు ట్రాకులు తయారుచేయడమే నేర్చుకుంటున్నాడు. వచ్చే శనివారం కలిగిరిలో కచేరీ ఉంది. మొత్తం ఇరవై పాటలు, అందులో మా వంతు నాలుగు. మిగతా పదహారు పాటలూ కండక్టరుగారు, తబలా మాస్టారు, నేను స్టేజీ వెనక ప్లాస్టిక్ కుర్చీల్లో కూచుని గోలీసోడా తాగుతాం. సోడాల ఖర్చు కీబోర్డు మాస్టారిదే.