గిరగిరా తిరిగేవాళ్ళు

చిన్నప్పుడు వాకిట్లో గిరగిరా తిరిగి, కళ్ళు తిరిగి కూలబడని ఆడపిల్ల ఉంటుందా? పరికిణీ గొడుగులా విచ్చుకోవాలి, అంతే మన ధ్యేయం! టర్కీలో కోన్యా అనే ఊళ్ళో గడ్డాలు పెరిగిన మగవాళ్ళు అదే పని చేస్తారు. పడిపోరు.

ఎడమపాదం నేలకి మేకు కొట్టినట్టు ఉంచి, కుడికాలితో తోసుకుంటూ, గుండె ఉన్న వైపుకి తిరుగుతారు. కుడి అరచెయ్యి ఆకాశానికి, ఎడమది నేలకి. పైనుంచి పుచ్చుకున్నది కిందకి ఇచ్చెయ్యడమట. పొడుగాటి టోపీ సమాధిరాయికి గుర్తు, తెల్లని అంగీ కఫనుకి గుర్తు. వీళ్ళ గురువు జలాలుద్దీన్ రూమీ 1273 డిసెంబరు 17న పోయాడు. ఆ రోజుని వాళ్ళు వర్ధంతి అనరు సుమండీ, పెళ్ళిరాత్రి అంటారు!

1925లో అక్కడి ప్రభుత్వం ఈ మఠాలన్నీ మూసేసింది. 1950లలో మళ్ళీ తిరగనిచ్చింది గానీ ప్రార్థనగా కాదు, నలుగురూ చూసే కళగా. 2005లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. టిక్కెట్టు పెట్టినంత మాత్రాన భక్తి పోతుందని నేననను. కళ్ళు మూసుకుని తిరిగేవాడి మనసులో ఏముందో ముందువరస కుర్చీలో కూర్చున్నవాళ్ళకేం తెలుస్తుంది?

ఎక్కడి కోన్యా, ఎక్కడి తిరువూరు అని నవ్వకండి. ఇదంతా చదువుతుంటే నాకు ఎ.కొండూరు తండాలే కళ్ళముందు మెదిలాయి. శ్రావణంలో లంబాడీల తీజ్ పండుగ. పెళ్ళికాని పిల్లలు వెదురుబుట్టల్లో ఎరువుమట్టి పోసి, గోధుమలు చల్లి, తొమ్మిదిరోజులు నీళ్ళు పోస్తూ చుట్టూ పాడుతూ ఆడతారు. నడుం వంచి, చప్పట్లు చరిచి, ఒక్క చుట్టు తిరిగి మళ్ళీ వలయంలోకి. మొహాలన్నీ బుట్టలవైపే. చూడవచ్చినవాళ్ళకి కనిపించేవి వీపులే. చివరిరోజు మొలకల్ని నీళ్ళల్లో కలిపేటప్పుడు పిల్లలు వెక్కివెక్కి ఏడుస్తారు, అత్తారింటికి పోతున్నట్టే.

ఆ తండాల ఆడవాళ్ళనే ఓ సభకి పిలిపించారు. పదినిమిషాలు టైము. "ఇటు తిరగండమ్మా, ఫొటోలో మొహాలు పడాలి" అని ఎవరో వలయాన్ని విప్పేసి వరసలో నిలబెట్టారు. ఆడారు. అద్దాల లంగాలు తళతళలాడాయి. సభంతా చప్పట్లు.

షామియానా వెనక గాజులు సర్దుకుంటున్న పెద్దావిడని అడిగాను. "ఇలా అందరిముందూ ఆడటం కష్టంగా ఉండదా అక్కా?"

"కష్టమెందుకమ్మా? అక్కడ మొలకలకోసం ఆడతాం, ఇక్కడ నీళ్ళకోసం ఆడాం."

అర్థంకాక చూశాను. ఆ తండాల్లో కిడ్నీల జబ్బు ఎన్ని ఇళ్ళని కుంగదీసిందో పేపరు చదివేవాళ్ళకి తెలిసిందే. ఆవిడ భర్తకీ అదే. బోరునీళ్ళమీదే తండా అందరి అనుమానం. మంచినీళ్ళ సంగతి వేదికమీది పెద్దసారు చెవిన వెయ్యొచ్చని, ఆట నెపంతో వచ్చిందట.

"మరి చెప్పావా?"

"మా ఆట అయ్యేసరికి సారు కారెక్కేశాడమ్మా."

ఆ ఏడు తీజ్ బుట్టలకి ట్యాంకరు నీళ్ళే పోశారట.